ఐదేళ్లు నిండిన ప్రీమియం కారుకు పెద్ద సర్వీసు: ఏమేం చేస్తారు, ఏమేం అడగాలి

మీ ప్రశ్నను ముందుగా నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. మీది ఐదేళ్ల వయసున్న టర్బో పెట్రోలు సెడాన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, ఇప్పటివరకు 62,000 కిలోమీటర్లు తిరిగింది. డ్యాష్‌బోర్డు మీద సర్వీసు గుర్తు వెలిగింది. ఈసారి చేయవలసింది పెద్ద సర్వీసు అని చెప్పి సర్వీసు కేంద్రం వారు రెండు పేజీల ఎస్టిమేటు పంపారు. కిందటి ఏడాది కట్టినదానికి అది దాదాపు మూడింతలు ఉంది. అందులో ఏది తప్పనిసరి, ఏది వాయిదా వేయవచ్చు, కారును ఎంతసేపు వదిలిపెట్టాలి, తిరిగి తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఇలాంటి కార్ల మీదనే పని చేస్తున్నాను. మొదటి పదకొండేళ్లు ఒక కంపెనీ సర్వీసు కేంద్రంలో చేశాను, ఆ తర్వాత నుంచి సొంత వర్క్‌షాపు నడుపుతున్నాను. కాబట్టి ఎస్టిమేటు రాసేవారి వైపు నుంచి, దాన్ని చూసి కంగారుపడే యజమాని వైపు నుంచి కూడా ఈ కాగితాన్ని చూశాను.

పెద్ద సర్వీసు అనే మాట అన్ని కంపెనీల్లో ఒకే అర్థంతో లేదు. మెర్సిడెస్ వారు ఏ సర్వీసు, బి సర్వీసు అని రెండు రకాలుగా విభజించారు. చిన్నది ఏ, పెద్దది బి. బీఎండబ్ల్యులో అలాంటి విభజన లేదు. ఇంజన్ ఆయిలుకు, బ్రేక్ ఆయిలుకు, ముందు బ్రేకులకు, వెనుక బ్రేకులకు, మొత్తం తనిఖీకి కారులోని కంప్యూటరే వేర్వేరు గడువులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. అలాంటి మూడు నాలుగు గడువులు ఒకేసారి వచ్చి పడితే దాన్నే వాడుకలో పెద్ద సర్వీసు అంటాం. ఆడిలో ఆయిల్ సర్వీసు ఒక గడువు, ఇన్‌స్పెక్షన్ మరో గడువు. అందువల్ల సర్వీసు అడ్వైజరును మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, “మా కారు ఛాసిస్ నంబరు ప్రకారం తయారీదారు పట్టికలో ఈ వయసుకు, ఈ కిలోమీటర్లకు ఏమేమి ఉన్నాయి? ఆ పట్టిక చూపిస్తారా?” అన్నది. ఒకే మోడల్‌లో ఇంజన్ మారితే పట్టిక మారుతుంది గనుక ఛాసిస్ నంబరుతో తీసిన పట్టికనే నమ్మాలి.

ఆ పట్టిక చేతికి వచ్చాక మీ ఎస్టిమేటులోని ప్రతి వరుస పక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టండి. పట్టికలో ఉన్నవి ఒక కుప్ప, కారును చూసి ఫలానాది అరిగిందనో కారుతోందనో కనిపెట్టి రాసినవి రెండో కుప్ప, ఈ రెంటిలోనూ లేనివి మూడో కుప్ప. మొదటి కుప్ప గురించి బేరం అక్కరలేదు. రెండో కుప్పలోని ప్రతి వస్తువునూ మీ కళ్లతో చూపించమని అడిగే హక్కు మీకుంది. ఒక విషయం గమనించండి: మీరు ఇంకా కారు ఇవ్వకముందే ఎస్టిమేటు వచ్చిందంటే, అందులో రెండో కుప్ప అనేది ఉండటానికి వీల్లేదు. లిఫ్టు మీదకు ఎక్కించని కారుకు బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు భాగాలు) పోయాయని ఎవరూ చెప్పలేరు.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాను. అన్నింటికీ సమానంగా సమయం ఇవ్వను. ఎక్కువ తప్పులు జరిగే చోటే ఆగుతాను.

ఇంజన్ ఆయిలు విషయంలో మీరు చూడవలసింది డబ్బా మీది బ్రాండు పేరు కంటే ముఖ్యంగా దాని వెనుక ఉన్న అనుమతి సంఖ్య. బీఎండబ్ల్యు అయితే లాంగ్‌లైఫ్-04 వంటివి, మెర్సిడెస్ అయితే 229.5 వంటివి, ఫోక్స్‌వాగన్, ఆడి అయితే 504 00 వంటివి ఉంటాయి. మీ ఇంజనుకు ఏది కావాలో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. 5డబ్ల్యు-30 అన్నది చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఒకే చిక్కదనం ఉన్న రెండు నూనెల్లో ఒకటి మీ ఇంజనుకు పనికొచ్చేది, మరొకటి పనికిరానిది కావచ్చు. బిల్లులో ఆ అనుమతి సంఖ్య, పోసిన లీటర్లు రాయమని అడగండి. ఈ తరగతి నాలుగు సిలిండర్ల ఇంజన్లు చాలావరకు ఐదు లీటర్ల పైచిలుకు, ఆరు సిలిండర్లవి ఆరున్నర లీటర్ల వరకు తీసుకుంటాయి. డబ్బాలు లెక్కవేసి, మిగిలిందాన్ని కూడా పోసేస్తే మంచిదే కదా అనుకోవడం పొరపాటు. మోతాదు మించితే నూనె నురగ కడుతుంది, సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

కొన్ని కంపెనీలు నూనె మార్పుకు రెండేళ్లు లేదా 30,000 కిలోమీటర్ల వరకు గడువు ఇస్తున్నాయి. కారును పదేళ్లు ఉంచుకోదలచిన వారికి నేను ఏడాదికి ఒకసారి లేదా 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమని చెబుతాను. ముఖ్యంగా రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే కార్లలో కాలని పెట్రోలు, నీటి ఆవిరి నూనెలో చేరి ఉండిపోతాయి. టైమింగ్ చైనుకు (ఇంజన్ వాల్వులను వేళకు తెరిపించే గొలుసుకు), టర్బో బేరింగుకు రక్షణ ఆ నూనె ఒక్కటే.

నూనె ఫిల్టరు దగ్గర ఒక చిన్న విషయం ఉంది. ఈ కార్లలో చాలావాటికి కాగితపు ఫిల్టరు ఒక ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుంటుంది. ఆ గిన్నె మూత మీద 25 న్యూటన్ మీటర్లు అని అచ్చు వేసి ఉండటం తరచూ చూస్తాం; అంతే బిగువుతో బిగించాలని దాని అర్థం. ఫిల్టరుతో పాటు వచ్చే రబ్బరు ఓ-రింగును కూడా మార్చాలి. పాత రింగును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. గుండ్రంగా ఉండవలసిన రబ్బరు పట్టీలాగా చదునైపోయి ఉంటుంది, వంచితే పగుళ్లు కనిపిస్తాయి. దాన్నే తిరిగి వేసి, కారకుండా ఉండటానికి మూతను బలమంతా పెట్టి బిగించి పంపిన కార్లు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. ఆ మూతలు మరుసటి సర్వీసులో విప్పబోతే పగిలిపోయాయి.

బ్రేక్ ఆయిలు గురించి నేను కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే మొత్తం సర్వీసులో ప్రాణాలతో ముడిపడినది అదే, ఎక్కువగా ఎగవేసేదీ అదే. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. మూత తెరవకపోయినా రబ్బరు గొట్టాల గుండా సన్నగా తేమ చేరుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిలుకు ఉన్న డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, అందులో 3.7 శాతం నీరు చేరినప్పుడు మరిగే హద్దు 155 డిగ్రీల వరకు పడిపోవడాన్ని ఆ ప్రమాణమే అనుమతిస్తుంది. కొండ దారిలో దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు డిస్కుల దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి, ద్రవం ఒత్తిడికి లొంగదు గాని ఆవిరి లొంగుతుంది, అందుకే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. కారు ఎంత ఖరీదైనదైనా, ఎన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నా ఆ క్షణంలో సాయపడవు. అందుకే దాదాపు అన్ని కంపెనీలూ దీనికి కిలోమీటర్ల లెక్క పెట్టకుండా రెండేళ్ల గడువు పెట్టాయి. కారు షెడ్డులో నిలిచి ఉన్నా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది.

ఒకసారి ఒక యజమాని ఘాట్ రోడ్డు దిగుతుండగా పెడల్ మెత్తబడిందని భయపడి కారును నా దగ్గరకు తెచ్చారు. సర్వీసు పుస్తకంలో నాలుగు నెలల కిందటే బ్రేక్ ఆయిలు మార్చినట్టు ముద్ర ఉంది, బిల్లులో డబ్బూ కట్టారు. చక్రం విప్పి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ వెనక ఉండే బ్లీడింగ్ నట్టు (పాత ద్రవాన్ని బయటకు వదిలేది) చూశాను. దాని మీది చిన్న రబ్బరు టోపీ బ్రేకు పొడితో, మట్టితో కలిసి ఒకే పెళ్లగా గట్టిపడి ఉంది. గోటితో గీరితే కింద మెరిసే లోహం మీద స్పానర్ పెట్టిన జాడ ఎక్కడా లేదు. నాలుగు చక్రాలకూ అదే పరిస్థితి. అంటే పైనున్న డబ్బాలోని ద్రవాన్ని మాత్రం తోడేసి కొత్తది పోసి పంపించారు. గొట్టాల్లో, క్యాలిపర్లలో ఉన్నది ఐదేళ్ల నాటి ద్రవమే. ఆ కేంద్రం ఏదో ఇక్కడ చెప్పను, అది నాకు ముఖ్యం కూడా కాదు. మీ కారు తిరిగి వచ్చాక చక్రాల ఆకుల సందులోంచి టార్చి వేసి ఆ టోపీలను చూడండి. నిజంగా పని జరిగితే వాటి మీది మట్టి చెదిరి ఉంటుంది.

స్పార్కు ప్లగ్గులు టర్బో పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి 60,000 కిలోమీటర్ల దగ్గర మార్చాలి. మీ ఎస్టిమేటులో అవి ఉండటం న్యాయమే. ప్లగ్గు అరిగే కొద్దీ దాని కొనల మధ్య సందు పెరుగుతుంది, ఆ సందు దాటించడానికి ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ మరింత ఎక్కువ వోల్టేజీ పుట్టించవలసి వస్తుంది, చివరకు కాయిల్ కూడా పోతుంది. ప్లగ్గులను ఇంజన్ చల్లారాకే విప్పాలి. అల్యూమినియం హెడ్డు వేడిగా ఉండగా విప్పితే మరలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కారును ఉదయం ఇచ్చినా మధ్యాహ్నం దాకా ఆ పని మొదలుకాకపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు.

విప్పిన ప్లగ్గులను పారేయకుండా సిలిండర్ల వరుసలోనే పెట్టి ఉంచమని అడగండి. నాలుగింటి కొనలూ లేత గోధుమ రంగులో ఒకేలా ఉంటే ఇంజన్ లోపల దహనం బాగున్నట్టు. ఒకటి మాత్రం నల్లగా మసి పట్టి ఉన్నా, నూనెతో తడిసి ఉన్నా ఆ సిలిండరు గురించి అది ఏదో చెబుతోంది. కాయిల్ పైకి తీసినప్పుడు దాని రబ్బరు గొట్టం నూనెతో జారుతూ ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోందని అర్థం. ఐదారేళ్ల వయసులో ఈ కార్లలో అది కనిపించడం మామూలే. ప్లగ్గులు మార్చే పూటే దాన్ని కనిపెడితే రేపు కాయిళ్లు పాడైనప్పుడు మళ్లీ అంతా విప్పే శ్రమ తప్పుతుంది.

గాలి ఫిల్టరు, ఏసీ ఫిల్టరు గురించి చెప్పవలసింది తక్కువ. ఏసీ ఫిల్టరు కొన్ని మోడళ్లలో రెండు ఉంటాయి, రెండూ మార్చారో లేదో అడగండి. తీరిక ఉంటే చాలా కార్లలో దాన్ని ఇంటి దగ్గర మీరే మార్చుకోవచ్చు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌కు ఇప్పుడు గడువులు బాగా పెరిగాయి గనుక ఈ సర్వీసులో మార్చవలసిన అవసరం చాలా కార్లకు రాదు. అయితే తగ్గినప్పుడు రంగు చూసి ఏదో ఒకటి పోయనివ్వకండి. ఒకే రంగులో ఉన్న రెండు కూలెంట్ల రసాయనాలు వేరై ఉండవచ్చు, కలిస్తే జిగురులాగా మడ్డి కట్టి రేడియేటరు సన్నని గొట్టాలను మూసేయవచ్చు.

ఇప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దీని ఆయిలు జీవితకాలం ఉంటుంది, మార్చనక్కరలేదు అని మీతో ఎవరో అన్నారని రాశారు. ఆ మాట కారు తయారుచేసిన కంపెనీల పుస్తకాల నుంచి వచ్చిందే. కాని మీ కారు వంటి చాలా కార్లలో ఉండే ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసిన జెడ్ఎఫ్ సంస్థ, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు ఆయిలు మార్చమని చెబుతోంది. పెట్టె చేసినవారి మాటకే నేను విలువ ఇస్తాను. ఆ లెక్కన మీకు ఈసారి తొందర లేదు. ఎస్టిమేటులో అది ఉంటే వచ్చే సర్వీసుకు వాయిదా వేయమనండి. రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే కారైతే 80,000 దాటనివ్వకండి.

చేయించే రోజున మాత్రం ఈ పని తెలిసినవారి చేతే చేయించండి. ఆ పెట్టెకు కింద ఉన్న ప్లాస్టిక్ తొట్టిలోనే ఫిల్టరు కలిసి ఉంటుంది, తొట్టి మొత్తం మారుస్తారు, బోల్టులు కూడా కొత్తవి వేస్తారు. విప్పినప్పుడు పాత ఆయిలు అంతా కిందకు రాదు. కొంత భాగం ఇంజన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరులో నిలిచిపోతుంది. కొత్తది పోశాక మట్టం చూడటం ఇంజన్ ఆయిలుకు చూసినంత తేలిక కాదు. ఇంజన్ నడుస్తూ, కారు నాలుగు వైపులా సమంగా లేచి ఉండి, ఆయిలు వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పోసే రంధ్రం నుంచి సన్నని ధార పొర్లిరావాలి. కారు కంప్యూటరును చదివే స్కానర్‌లో ఆ వేడిని చూడకుండా అందాజుగా పోసిన కార్లు గేరు మారేటప్పుడు కుదుపుతున్నాయని నెల తిరగకుండానే వెనక్కి వస్తాయి. మీ కారులో ఉన్నది రెండు క్లచ్‌లతో పనిచేసే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు అయితే ఈ లెక్కలన్నీ మారతాయి. ఉదాహరణకు ఫోక్స్‌వాగన్ వారి డీఎస్‌జీ అనే ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టెకు, క్లచ్‌లు ఆయిలులో తడిసి ఉండే రకానికి, 60,000 కిలోమీటర్లకే ఆయిలు, ఫిల్టరు మార్చాలని కంపెనీయే చెబుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ విప్పి మార్చే పనులు. నిజానికి పెద్ద సర్వీసుకు మీరు కట్టే డబ్బులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది కారు లిఫ్టు మీద ఉండగా అనుభవం ఉన్న మెకానిక్ కింద నిలబడి చూసే ఆ ముప్పావుగంట. ఫిల్టరు ఎవరైనా మారుస్తారు, పొడి మట్టి మధ్య ఒకచోట మాత్రం తడిగా కనిపించే మరకను పట్టుకోవడానికి కన్ను కావాలి. ఎస్టిమేటులో ఈ తనిఖీకి ఒకే ఒక్క వరుస ఉంటుంది, పని ఒత్తిడి ఉన్న రోజున మొదట కోతపడేదీ అదే. అందుకే కారు ఇచ్చేటప్పుడే, “తనిఖీ చేసే సమయానికి నాకు ఫోను చేయండి, వచ్చి పక్కన నిలబడతాను” అని జాబ్ కార్డు మీద రాయించండి. భద్రత పేరుతో లోపలికి రానివ్వని చోట వీడియో తీసి పంపమనండి. కొన్ని కేంద్రాలు ఇప్పుడు ఆ పని తమంతట తామే చేస్తున్నాయి.

ఆ సమయంలో ఏం చూడాలో చెబుతాను. కింది కవర్లు విప్పాక ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కీలు, ఆయిల్ ఫిల్టరు గిన్నె కింది భాగం, ఇంజన్ ఆయిలు నిలిచే కింది తొట్టి (సంప్) అంచు చూడాలి. ముందు చక్రాలను కారు బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ బుష్‌ల దగ్గర మెకానిక్ చిన్న గడ్డపార పెట్టి మెల్లగా ఎత్తినప్పుడు రబ్బరు ఎంత కదులుతుందో చూడాలి. పైన సన్నని గీతలుంటే ఫరవాలేదు. గీత లోపలి దాకా చీలి సందు తెరుచుకుంటే, లేదా నూనె నింపిన బుష్‌లోంచి నల్లటి ద్రవం కారి ఉంటే అది మార్చవలసిందే. చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టు కీళ్ల మీది రబ్బరు బూట్లు మడతల దగ్గర చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే వెంటనే మార్పించాలి, ఆలస్యమైతే బూటుతో పోయేది కీలుదాకా వెళుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే గాలి బెలూన్ల మడతల్లో పగుళ్లు చూడాలి. రాత్రంతా నిలిపిన కారు ఉదయానికి ఒక మూల కిందకు వాలుతోందా అన్నది మీరే ఇంటి దగ్గర గమనించి చెప్పాలి, వర్క్‌షాపులో అది కనబడదు.

కూలింగ్ వ్యవస్థలోని ప్లాస్టిక్ భాగాలను ప్రత్యేకంగా చూడమనండి. థర్మోస్టాట్ గిన్నె, గొట్టాల చివరి కీళ్లు, కూలెంట్ డబ్బా అన్నీ ఇంజన్ వేడికి ఏళ్ల తరబడి వేగి పెళుసెక్కుతాయి. ఆరేడేళ్ల తర్వాత ఈ కార్లు రోడ్డు మీద ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో వీటిది పెద్ద వాటా. కూలెంట్ ఎండిన చోట తెల్లగానో గులాబీగానో పొడి పేరుకుంటుంది, అది ఆనవాలు.

బ్రేకు ప్యాడ్లు, డిస్కుల విషయంలో బాగున్నాయి లేదా అరిగాయి అన్న మాట సరిపోదు, మిల్లీమీటర్లలో అంకె కావాలి. ప్యాడ్ పదార్థం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. డిస్కు కనీస మందం దాని అంచు మీదనో మధ్య భాగం మీదనో అచ్చు వేసి ఉంటుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు మార్చాలన్న నియమం లేదు. అయితే కొత్త ప్యాడ్లు అరిగేలోపు డిస్కు ఆ హద్దు దాటేటట్టుంటే ఇప్పుడే మార్చడం మేలు. ప్యాడ్ హెచ్చరిక తీగ సాధారణంగా ఇరుసుకు ఒక చక్రానికే ఉంటుంది, కాబట్టి లైటు వెలగలేదన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ బాగున్నట్టు కాదు. వెనుక ప్యాడ్లు మార్చేటప్పుడు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును స్కానర్‌తో సర్వీసు స్థితిలో పెట్టాలి. బలవంతంగా నొక్కితే మోటారు పాడవుతుంది. టైర్ల గోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు మిగిలి ఉన్నా వయసు మీరిన టైరు గట్టిపడుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

బ్యాటరీని పరీక్షించి కాగితం ఇవ్వమనండి. ఐదేళ్లు దాటితే నీరసపడటం సహజం. మార్చవలసి వస్తే ఆగినప్పుడు ఇంజన్ తనంతట తానే ఆపే సదుపాయం ఉన్న ఈ కార్లకు ఏజీఎం రకమే (ఆమ్లం గాజు పీచు పొరల్లో ఇమిడి ఉండేది) వేయాలి. చాలా మోడళ్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కారు కంప్యూటరుకు నమోదు చేయాలి. నమోదు చేయకపోతే అది పాత బ్యాటరీకి పెట్టినట్టే కొత్తదానికి చార్జి పెడుతుంది, రెండేళ్లకే అదీ పోతుంది. సాఫ్ట్‌వేర్ నవీకరణ చేస్తామంటే కాదనకండి, అయితే ఆ సమయమంతా బయటి నుంచి కరెంటు సరఫరా చేసే పరికరం తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇదే ప్రశ్నతో డీజిల్ కారు ఉన్నవారు చదువుతుంటే మూడు మాటలు కలపాలి. డీజిల్ ఫిల్టరును గడువుకు మించి ఉంచవద్దు, ఇంజెక్టర్లు దాని మీదనే ఆధారపడి ఉంటాయి. ఇంజన్ ఆయిలు తక్కువ బూడిద రకమే కావాలి, లేకపోతే మసి వడపోత పెట్టె బూడిదతో నిండిపోతుంది. మసి కాలిపోతుంది గాని బూడిద కాలదు. డీజిల్ పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ అన్నది 32.5 శాతం యూరియా కలిపిన నీరు. చెంబులో నీళ్లు పోసినంత నిర్లక్ష్యంగా దుమ్ము గరాటుతో పోయనివ్వకండి.

మీరు రాసిన ఎస్టిమేటులో మూడో కుప్పలోకి వచ్చేవి నాలుగు కనిపిస్తున్నాయి. ఇంజన్ ఫ్లష్ (పాత ఆయిలు తీసేముందు లోపల కడిగే ద్రవం), ఇంజెక్టర్ క్లీనర్ సీసా, ఏసీ సుగంధ చికిత్స, కారు కిందివైపు పూత. వేళకు ఆయిలు మార్చిన ఇంజనుకు ఫ్లష్ అవసరం లేదు. ఫ్లష్ కొంత లోపలే మిగిలి కొత్త ఆయిలును పలచన చేస్తుంది. ఇంజెక్టర్ సీసా వల్ల హాని ఉండకపోవచ్చు గాని, నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో మసి పేరుకునేది ఇన్‌టేక్ వాల్వుల వెనక. పెట్రోలు అక్కడికి తగలదు గనుక ట్యాంకులో ఏం పోసినా ఆ మసి కడగబడదు. ఇంజన్ కుదుపుతోందని తేలి, కెమెరాతో చూసి మసి ఉందని చూపిస్తే అప్పుడు అక్రోటు పెంకుల పొడితో చేసే శుభ్రత గురించి ఆలోచించవచ్చు. వీల్ అలైన్‌మెంటు కూడా ప్రతిసారీ అక్కరలేదు. టైరు ఒక అంచున అరుగుతున్నా, కారు పక్కకు లాగుతున్నా, సస్పెన్షన్ భాగాలు విప్పినా చేయించండి.

కారు ఇవ్వడానికి ముందు ఒక పని చేయండి. అలాయ్ చక్రాలకు దొంగతనం జరగకుండా పెట్టిన తాళం బోల్టు ఉంటే దాని చిన్న సాకెట్ ఎక్కడుందో వెతికి సీటు మీద పెట్టండి. అది దొరకక సగం రోజు ఆగిపోయిన సర్వీసులు నాకు తెలుసు. మీరు గమనించిన శబ్దాలను, అవి ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా వస్తాయో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ముఖ్యంగా ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు రెండు మూడు క్షణాలు గొలుసు గిలకరించినట్టు వినిపిస్తుంటే దాన్ని ఫోనులో రికార్డు చేసి చూపించండి. టైమింగ్ చైనుకు మార్పు గడువు ఉండదు, ఆ శబ్దమే దాని హెచ్చరిక, వేడెక్కిన కారులో అది వినిపించదు. ముందు రోజు రాత్రే కారును అక్కడ వదిలి, ఉదయం మెకానిక్ చేత స్టార్టు చేయించడం ఇంకా మంచిది.

పని సమయం మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. భాగాలు ముందుగా తెప్పించి ఉంచితే సాయంత్రానికి కారు వస్తుంది, తనిఖీలో ఏమైనా బయటపడితే మరో రోజు పడుతుంది. గంటన్నరలో పూర్తయిందని ఫోను వస్తే సంతోషించకుండా, ప్లగ్గులు ఇంజన్ చల్లారాకే విప్పారా, బ్రేక్ ఆయిలు నాలుగు చక్రాల నుంచీ తీశారా అని అడగండి.

తిరిగి తీసుకునేటప్పుడు పాత భాగాలను పెట్టెలో పెట్టి ఇమ్మనండి, ఈ మాట పని మొదలుకాక ముందే చెప్పి ఉండాలి. బిల్లుతో పాటు డిజిటల్ సర్వీసు రికార్డులో ఈ పనులన్నీ నమోదయ్యాయని తెర మీద చూపించమనండి. మీరు కారు అమ్మేనాడు కొనేవారు మొదట అడిగేది అదే. వారంటీ ఇంకా మిగిలి ఉంటే ఆ రికార్డు మరింత ముఖ్యం. ఇంటికి వచ్చాక ఇంజన్ వేడిగా ఉండగా, సమతలంగా ఉన్న చోట నిలిపి ఆయిలు మట్టం చూడండి. ఈ కార్లలో చాలావాటికి కొలిచే పుల్ల ఉండదు, డ్యాష్‌బోర్డు మెనూలోనే కొలత వస్తుంది, దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. రాత్రి కారు కింద ఒక పాత అట్టముక్క పరచి ఉదయాన్నే చుక్కలు పడ్డాయా అని చూడండి. కొత్త బ్రేకు ప్యాడ్లు వేసి ఉంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయవలసిన పరిస్థితి తెచ్చుకోకుండా మెల్లగా నడపండి. చక్రాలు విప్పారు గనుక వంద కిలోమీటర్ల లోపు బోల్టుల బిగువును టార్క్ రెంచ్‌తో మరోసారి చూడాలి. ఎంత ఉండాలో యజమాని పుస్తకంలో ఉంది, ఆడిలో చాలావాటికి అది 120 న్యూటన్ మీటర్లు. ఆ పని ఏ టైర్ల దుకాణంలోనైనా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అది అయ్యాక తాళం బోల్టు సాకెట్ మళ్లీ దాని సంచిలోకి చేరిందో లేదో చూసుకోండి.

తనిఖీ కాగితం వచ్చాక అందులోని ప్యాడ్లు, డిస్కుల అంకెలు, బ్యాటరీ పరీక్ష ఫలితం, ఏవైనా కారుడు మరకల ఫోటోలు ఇక్కడ పెట్టండి. ఏది ఇప్పుడే చేయించాలో, ఏది ఆరు నెలలు ఆగవచ్చో వరుసగా చూసి చెబుతాను.